ఏడుపు ఆగడం లేదంటే విశ్వాసం చచ్చిపోయినట్టేనా?

బిడ్డా, నీ ప్రశ్న రాత్రే చదివాను. చదివి ఫోన్ పక్కన పెట్టేశాను, వెంటనే రాయబుద్ధి కాలేదు. పొద్దున లేచి ఇంకోసారి చదివి ఇది రాస్తున్నాను.

మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి నువ్వు రాసింది క్లుప్తంగా చెప్తాను. మీది మిర్యాలగూడ దగ్గర పల్లె. నీకు ఇరవై తొమ్మిదేళ్లు, మిషన్ కుడతావు. మీ ఆయన రైస్ మిల్లులో నైట్ డ్యూటీ దిగి బండి మీద ఇంటికొస్తుంటే అద్దంకి రోడ్డు మీద లారీ గుద్దింది. ఐదు నెలలైంది. ఆరేళ్ల బాబు "డాడీ ఎప్పుడొస్తడు" అని రోజూ అడుగుతున్నాడు. ఆదరణ కూడికలో ఒకాయన "దేవుని చిత్తం, ఎక్కువ ఏడిస్తే సాక్ష్యం పోతుంది" అన్నాడు, అంటే చూసేవాళ్ల ముందు నీ విశ్వాసం పలచబడుతుందని. ఇంకొకామె మీ ఇంట్లో ఏదో ఒప్పుకోని పాపం ఉందన్నది. మీ అత్తమ్మ చర్చికి రాదు, కొడుకు పేరు మీద సంవత్సరీకం చేయాలని పట్టుబడుతోంది. నీకు ప్రార్థన రావడం లేదు, పాట మొదలుపెడితే గొంతు పూడుకుపోతోంది. కొన్ని రాత్రులు "నేను కూడా పోతే బాగుండు" అనిపిస్తోంది. నిరీక్షణ ఎక్కడ దొరుకుతుందని అడిగావు. చివరికి నువ్వడిగింది: "అమ్మా, నాలో విశ్వాసం చచ్చిపోయిందా?"

ఆ రాత్రుల మాట దగ్గరే మొదలుపెడతాను. ఇంతవరకు అది ఎవరికీ చెప్పి ఉండవు. విశ్వాసి అట్లా అనకూడదని భయపడి ఉంటావు. ఏలీయా అన్నాడు బిడ్డా. కర్మెలు కొండ మీద అంత పెద్ద కార్యం చేసిన ప్రవక్త, ఆ వెంటనే అరణ్యంలో ఒక చెట్టు కింద కూలబడి "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అన్నాడు. మొదటి రాజులు 19వ అధ్యాయం తీసి చూడు. దేవుడు ఆయన్ని ఒక్క మాట అనలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. తర్వాత దూతను పంపి, తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు, "నీ శక్తికి మించిన ప్రయాణము" అని. "ఇక్కడేం చేస్తున్నావు" అని అడగడం ఆ తర్వాత, ఏలీయా నలభై రోజులు నడిచి కొండకు చేరాక.

అందుకని నువ్వు ముందు తిను, పడుకో. ఇది చిన్న మాట అనుకోవద్దు. ఒంటరిగా పడుకోవద్దు, మీ చెల్లెనో చిన్నమ్మనో నెల రోజులు వచ్చి ఉండమని అడుగు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఈ రోజే బయటికి పంపించు, ఎందుకు అని ఎవరైనా అడిగితే నిజం చెప్పు. ఆ ఆలోచన వచ్చిన రాత్రి 14416కు ఫోన్ చేయి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది. డబ్బులు పడవు, రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించుకోవడంలో కూడా అవిశ్వాసం ఏమీ లేదు. నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేశాను. షుగరు మందు వేసుకుంటూ ప్రార్థన చేసేవాళ్లు, నిద్ర లేక మనిషి శుష్కించిపోతుంటే మాత్రం "ప్రార్థన చాలు" అంటుంటారు. నాకది ఎప్పటికీ మింగుడు పడదు.

ఇక నా సంగతి. మాది నల్గొండ. 2011 సెప్టెంబరులో నా కొడుకు పోయాడు. పంతొమ్మిదేళ్లు. స్నేహితులతో సాగర్ ఎడమ కాలువకు ఈతకు పోయాడు, మరునాడు పొద్దున పది కిలోమీటర్ల కింద దొరికాడు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. అంతకుముందు ఎంతోమంది తల్లులకు ఆ వార్త చెప్పిన మనిషిని, నాకు చెప్పడానికి వచ్చిన డాక్టరు గారి మొహం చూడగానే అర్థమైపోయింది. ఇంతకంటే ఎక్కువ రాయను. ఆ తర్వాత కొన్నేళ్లకు మా సంఘంలో స్త్రీల కూటం తరఫున, చావు జరిగిన ఇళ్లకు పోయి కూర్చోవడం మొదలుపెట్టాను. నల్గొండ, దేవరకొండ, సూర్యాపేట దిక్కు, అప్పుడప్పుడు చుట్టాలున్న మహబూబ్‌నగర్, జడ్చర్ల దాకా. ఎన్ని ఇళ్లో లెక్క పెట్టలేదు. నీకు చెప్పేదంతా ఆ ఇళ్లలో నేర్చుకున్నదే.

"ఏడిస్తే సాక్ష్యం పోతుంది" అన్నాయన మంచి మనసుతోనే అని ఉండొచ్చు. కానీ ఆ మాట తప్పు. యోహాను 11వ అధ్యాయం నువ్వు చిన్నప్పుడు సండే స్కూల్లో వినే ఉంటావు, ఇప్పుడు మళ్లీ చదువు. నీ కళ్లతో చదువు, ఇప్పుడు నీకున్న కళ్లతో. లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. యేసుకు కబురు ముందే పోయింది, ఆయన ఉన్న చోటనే ఇంకో రెండు రోజులు ఆగాడు. వచ్చేసరికి మార్త ఊరి బయటికే ఎదురొచ్చింది. ఏమన్నదో చూడు: "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును." తర్వాత మరియ వచ్చింది. ఆమె కూడా అచ్చం అదే మాట. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఆ నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని అదే మాట ఒకరితో ఒకరు అనుకుని ఉంటారని నాకనిపిస్తుంది. ఆయనుంటే ఇట్లా కాకపోయేది, ఎందుకు రాలేదు. నువ్వు రాత్రుళ్లు అనుకునేది ఇదే కదా.

ఒకటే మాటకు ఆయన రెండు జవాబులిచ్చాడు. మార్తతో మాట్లాడాడు, "పునరుత్థానమును జీవమును నేనే" అన్నాడు. మరియ ఏడుస్తూ కాళ్ల మీద పడితే ఏ వాక్యమూ చెప్పలేదు. "అతని నెక్కడ నుంచితిరి" అని మాత్రం అడిగాడు. తర్వాత 35వ వచనం: "యేసు కన్నీళ్లు విడిచెను." ఇంకో పది నిమిషాల్లో లాజరును లేపబోతున్నాడని ఆయనకు తెలుసు. తెలిసీ ఏడ్చాడు. అక్కడున్న యూదులు చూసి "అతనిని ఏలాగు ప్రేమించెనో చూడుడి" అన్నారు తప్ప, ఇతని విశ్వాసం ఇంతేనా అనలేదు. మనిషిని లేపగలిగినవాడే సమాధి దగ్గర ఏడిస్తే, లేపలేని మనం ఏడవడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

మా కొడుకు పోయినప్పుడు నాకు మార్తకు దొరికిన జవాబులు చాలామంది తెచ్చారు. మరియకు దొరికిన జవాబు ఒక్కరే తెచ్చారు. ఆమె గురించి చెప్తాను.

మా సంఘంలో ఒక పెద్దవ్వ ఉండేది. వాళ్లమ్మ పాతకాలంలో బైబిల్ స్త్రీగా పనిచేసింది. నీకు తెలుసో లేదో, 1890లో అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్గొండలో మిషన్ మొదలుపెట్టినప్పటి నుంచి, ఆ తర్వాత ఎంబీ (మెనోనైట్ బ్రదరెన్) సంఘాలు దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల దాకా పాకినప్పుడు కూడా, వాకిళ్లు దాటి లోపలి ఇండ్లలోకి వాక్యం తీసుకుపోయింది ఎక్కువగా ఈ బైబిల్ స్త్రీలే. వాళ్లకు పెద్ద చదువు లేదు. చావు ఇంట్లో ఎట్లా కూర్చోవాలో మాత్రం తెలుసు. ఈ అవ్వ ఎనిమిది నెలలు ప్రతి బుధవారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. వచ్చి గడప పక్కన చాప మీద కూర్చునేది. చాటలో పల్లికాయో కందికాయో పోసుకుని ఒలిచేది, నా ముందు కూడా ఒక గుప్పెడు పోసేది. ఇద్దరం ఒలిచేవాళ్లం. వాక్యం చెప్పేది కాదు. నేను ఏడిస్తే చూస్తూ ఊరుకునేది, కొంగు అందించేది కూడా కాదు. పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి పెదాలు కదిలించేది.

ఒక బుధవారం నాకు కోపమొచ్చింది. "అవ్వా, నాకు ప్రార్థన రాదు, గుడిలో అందరూ పాడుతుంటే నేను నోరు మూసుకుని నిలబడుతున్న, ఇట్లనే పోతా నేను" అన్నాను. ఆమె చాట కింద పెట్టి, "నువ్వు పాడేదాక నీ పాట నేను పాడుతున్న బిడ్డా. రంది పెట్టుకోకు" అన్నది. అంతే. మళ్లీ కాయ అందుకుంది.

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. తర్వాత మార్కు 2వ అధ్యాయంలో దొరికింది. పక్షవాతం వచ్చినవాణ్ని నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డముంటే ఇంటి కప్పు విప్పి మంచంతో సహా దించారు. అక్కడ ఏమని రాసి ఉంది? "యేసు వారి విశ్వాసము చూచి." వారి, అంటే మోసినవాళ్లను కూడా కలిపి. మంచం మీదున్నవాడు ఏమన్నా నమ్మాడా, నమ్మలేక పడి ఉన్నాడా, మార్కు చెప్పలేదు. పైనుంచి తాడు పట్టుకున్న నలుగురి విశ్వాసాన్ని ఆయన లెక్కలోకి తీసుకున్నాడు.

నీ ప్రశ్నకు నా జవాబు ఇదే బిడ్డా. నీ విశ్వాసం చచ్చిపోలేదు. నువ్వు ఇప్పుడు మంచం మీద ఉన్నావు. ఇన్నాళ్లూ నువ్వు వేరేవాళ్ల మంచం ఒక మూల పట్టుకుని ఉంటావు, ఇప్పుడు నీ వంతు పడుకోవడం. సంఘం అనేది ఎందుకుందంటే ఇందుకే. ఆదివారం పోయి వెనక వరసలో కూర్చో. పాడకపోతే పాడకు. చేతులెత్తమంటే ఎత్తకు. పక్కవాళ్ల గొంతు నీ మీదుగా పోనీ. ప్రభువు ప్రార్థన అందరూ కలిసి చెప్తారు కదా, అందులో "మా తండ్రీ" అనే ఉంది, "నా తండ్రీ" అని లేదు. నీ నోరు మూసుకుని ఉన్నా ఆ "మా"లో నువ్వున్నావు. ఇంట్లో అసలు మాటలే రాకపోతే రోమా 8:26 గుర్తు పెట్టుకో. మనం ఎట్లా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ తానే ఉచ్చరింపశక్యము కాని మూలుగులతో మన పక్షంగా వేడుకుంటాడని పౌలు రాశాడు. మూలుగు కూడా ప్రార్థన లెక్కలోకే వస్తుంది. నర్సుగా నాకు అది బాగా అర్థమవుతుంది. వార్డులో మూలుగు విని మంచం దగ్గరికి పోయేవాళ్లం, పేషెంటు వచ్చి దరఖాస్తు పెట్టుకునేదాకా ఆగేవాళ్లం కాదు.

ఒకవేళ చదవగలిగితే కీర్తనలు చదువు, సంతోషంగా ఉన్నవి పక్కన పెట్టి ఏడ్చేవి తీయి. 13వ కీర్తన ఆరే వచనాలు, "ఎంతవరకు" అని నాలుగుసార్లు అడుగుతుంది. 88వ కీర్తన ఇంకా నలుపు. మొదటి నుంచి చివరిదాకా వెలుగు రాదు, ఆఖరి మాట కూడా చీకటే. అయినా దాన్ని తీసేయకుండా దేవుని గ్రంథంలోనే ఉంచారు. ఆయన మీద ఫిర్యాదు ఆయనకే చెప్పుకోవడం కూడా ప్రార్థనేనని నాకు ఆ కీర్తన నేర్పింది. 56:8లో "నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి" అని ఉంది. మన దగ్గర శోకం తీసి ఏడుస్తూ పోయినవాళ్ల మంచి గుణాలన్నీ వరసగా చెప్పుకుంటారు చూడు, చర్చిలో కొందరు అది అన్యుల ఆచారమని ఆపేస్తారు. కీర్తనల్లో కూడా ఏడుపు పాటలు బోలెడు ఉన్నాయి. సౌలు, యోనాతాను చనిపోతే దావీదు పేరు పేరునా ఏడ్చి, ఆ విలాపాన్ని యూదావాళ్లకు నేర్పించమన్నాడు. అది రెండో సమూయేలు మొదటి అధ్యాయంలో ఉంది.

ఇప్పుడు "మీ ఇంట్లో పాపముంది" అన్న ఆమె మాట. దీనికి ఎక్కువ జాగా ఇవ్వను. లూకా 13:4లో యేసు తానే ఒక ప్రమాదం గురించి మాట్లాడాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. వాళ్లు యెరూషలేములో అందరికంటే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా అని అడిగి, కారు అని ఆయనే చెప్పాడు. రోడ్డు మీద లారీ గుద్దిన మనిషికి కూడా అదే జవాబు. ఆమె మళ్లీ అంటే ఈ వచనం చూపించు, వాదించకు. ఎవరైనా నీకు ప్రత్యేకంగా దర్శనమొచ్చిందని, కానుక ఇస్తే శాపం తీరుతుందని ఫోన్ చేస్తే ఆ నంబరు బ్లాక్ చేయి. దుఃఖంలో ఉన్న ఇంటి చుట్టూ ఇట్లాంటివాళ్లు తిరుగుతారు, నేను కళ్లారా చూశాను.

బాబు సంగతి మీద మాత్రం కాస్త ఆగి చదువు. మనం "ప్రభునందు నిద్రించాడు" అంటాం. పెద్దవాళ్లకు అది తియ్యని మాట. ఆరేళ్లవాడికి అది భయం. దేవరకొండ దగ్గర ఒక ఇంట్లో ఐదేళ్ల పాప తాత పోయాక పడుకోవడమే మానేసింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి "పంటే నన్ను కూడ పెట్టెల పెడ్తరు" అన్నది. అందుకని బాబుకు నిద్ర అని చెప్పకు. ఊరికి పోయాడని అసలే చెప్పకు, వాడు రోజూ గేటు దగ్గర నిలబడతాడు. "దేవుడు తీసుకపోయిండు" అన్నా కష్టమే, వాడికి దేవుడు డాడీని ఎత్తుకుపోయిన మనిషి అవుతాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు: "డాడీకి యాక్సిడెంట్ అయింది, ఒళ్లంతా దెబ్బలు తగిలి చనిపోయాడు. చనిపోయినవాళ్లు మళ్లీ ఇంటికి రారు. యేసయ్య దగ్గర ఉన్నాడు. మనం ఒకరోజు డాడీని చూస్తాం. అప్పటిదాకా అమ్మ నీ దగ్గరే ఉంటది." వాడు పది నిమిషాలకు మళ్లీ అదే అడుగుతాడు. మళ్లీ అదే చెప్పు. పిల్లలు ఒకే ప్రశ్న వందసార్లు అడిగి, వందసార్లూ అదే జవాబు వస్తుందో లేదో చూసుకుంటారు. వాడి ముందు ఏడుపు దాచుకోకు. "అమ్మకు డాడీ యాదికొచ్చిండు, అందుకే ఏడుస్తున్న" అని చెప్తే చాలు, తన వల్లనే అమ్మ ఏడుస్తోందని వాడు అనుకోడు. వాళ్ల డాడీ చొక్కా ఒకటి ఉతకకుండా వాడికి ఇవ్వు. బైబిల్లో ఎక్కడా లేదు ఇది, నా అనుభవం.

మీ అత్తమ్మ విషయంలో నీకు కోపం ఉందని నీ మాటల్లో తెలుస్తోంది. ఆ కోపం అర్థమవుతుంది. అయినా ఒక్క మాట. నువ్వు భర్తను పోగొట్టుకున్నావు, ఆమె కొడుకును పోగొట్టుకుంది. కొడుకు పోవడం ఎట్లుంటుందో నాకు తెలుసు కాబట్టి ఆమె పక్షాన కూడా మాట్లాడుతున్నాను. ఆమెకు తెలిసిన దుఃఖం భాష అదే. పిట్టకు ముద్ద పెట్టకపోతే, సంవత్సరీకం చేయకపోతే కొడుకు ఆకలితో తిరుగుతాడని ఆమె గుండె తరుక్కుపోతోంది. నువ్వు వద్దంటే ఆమెకు వినిపించేది "నీ కొడుకుకు అన్నం పెట్టను" అని. అందుకని మతం మీద వాదన పెట్టుకోకు. నీ మనస్సాక్షికి సరిపడని పని నువ్వు చేయనక్కర్లేదు, అది మెత్తగా చెప్పు. అదే రోజు ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టి, ఆమె చుట్టాలందరినీ పిలిచి, ఆయనకు ఇష్టమైన కూర వండి అందరికీ భోజనం పెట్టు. మొదటి విస్తరి మీ అత్తమ్మనే వడ్డించమను. నల్గొండ దిక్కు ఇట్లా రెండు రకాల చుట్టాలున్న ఇండ్లు బోలెడు, చాలావాటిలో ఇది పనిచేయడం చూశాను. రూతు గ్రంథంలో ఇద్దరు విధవలు, అత్తాకోడళ్లు, ఒకే దారిన నడిచారు. అత్త నయోమి ఊరికి చేరి "నన్ను నయోమి అనక మారా అనుడి" అన్నది. మారా అంటే చేదు. కోడలు రూతు ఆమెను సరిదిద్దలేదు, "అట్లా అనకూడదు అత్తా" అని వాక్యం చెప్పలేదు. పొద్దున లేచి యవల పరిగె ఏరడానికి పోయి, సాయంత్రం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

ఇంకో మాట, గాజులు, బొట్టు, తెల్లచీర గురించి నువ్వు అడగలేదు కానీ ఎవరో ఒకరు ఒత్తిడి చేస్తారు. చర్చిలోవాళ్లే చేస్తారు కొన్నిసార్లు. భర్త పోయిన స్త్రీ గాజులు పగలగొట్టాలని, రంగు చీర కట్టొద్దని, పెళ్లిళ్లలో ముందుకు రావొద్దని బైబిల్లో ఎక్కడా లేదు. విధవరాలిని బాధపెట్టొద్దని మాత్రం నిర్గమకాండం 22:22లో గట్టిగా ఉంది. నీకు ఇష్టమున్నట్టు ఉండు. ఎవరన్నా అంటే నా పేరు చెప్పు.

ఇక కాగితాల సంగతి. దుఃఖంలో ఉన్న మనిషికి ఈ మాటలు చేదుగా ఉంటాయి, కానీ ఐదు నెలలు దాటిపోయాయి కాబట్టి చెప్పక తప్పదు. రోడ్డు ప్రమాదం పరిహారానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయడానికి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు. ఈ వారమే ఒక వకీలును కలువు. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, డెత్ సర్టిఫికెట్ జిరాక్స్‌లు తీసుకుని పో. లారీ నంబరు దొరక్కపోయినా నిరాశపడకు, గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియని కేసుల్లో చావుకు 2 లక్షల పరిహారం ఉంది. మీ ఆయన పేరు మీద భూమి పట్టా ఉంటే రైతు బీమా 5 లక్షలు వచ్చే అవకాశముంది, మీ ఊరి వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) అడుగు. ఆయన బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలో 436 రూపాయలో కట్ అయ్యాయేమో పాస్‌బుక్ చూడు. అయ్యుంటే వాటి మీద ఒక్కోదానికి 2 లక్షల బీమా ఉంటుంది. వితంతు పెన్షన్‌కు కూడా దరఖాస్తు పెట్టు. వీటన్నిటికీ నువ్వు ఒక్కదానివే తిరగొద్దు. మీ సంఘంలో టీచరో, గుమాస్తానో ఒకరుంటారు. వాళ్లను పాస్టరు గారి ద్వారా అడుగు, "ఆదరణ వాక్యం వద్దు, నాతో ఆఫీసుకు రండి" అని అడుగు. మంచం మోయడమంటే అది కూడా.

నిరీక్షణ గురించి అడిగావు కదా, అది ఎక్కడ దొరుకుతుందని. మొదటి థెస్సలొనీక 4:13 అందరూ చెప్తారు, సగం వదిలేసి చెప్తారు. పౌలు దుఃఖపడొద్దని రాయలేదు. "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడొద్దని రాశాడు. అంటే దుఃఖం ఉంటుంది, దాని పక్కన ఇంకొకటి కూడా ఉంటుంది. మన తెలుగు బైబిల్లో ఆ ఇంకొకదానికి పెట్టిన పేరు నాకు చాలా ఇష్టం. నిరీక్షణ అంటే మామూలు తెలుగులో ఎదురుచూడటం. మన దిక్కు వానకు ఎదురుచూస్తారు కదా, అట్లా. పాలమూరు దిక్కు రోహిణి కార్తెలో దుక్కి దున్ని పెట్టుకుని మొగులు దిక్కు చూస్తూ కూర్చున్న రైతును సంతోషంగా ఉన్నావా అని అడిగితే ఏమంటాడు? మొహం ఎండిపోయే ఉంటుంది, కడుపులో టెన్షన్ ఉంటుంది. అయినా విత్తనం సంచి అమ్ముకోడు. నిరీక్షణ మొహం మీద కనబడాలని నీ మీద ఒత్తిడి పెట్టేవాళ్లు ఆ సంచి సంగతి మరచిపోతున్నారు. నువ్వు ఇంకా బాబును ఆదివారం తయారు చేసి గుడికి తీసుకుపోతున్నానని రాశావు. ఏడుస్తూనే ఆ ప్రశ్న రాశావు, అది కూడా దేవుని గురించే రాశావు. అదే విత్తనం సంచి.

మనాది పోతుందా అంటే, నా వరకు పోలేదు. మారింది. మొదటి సంవత్సరం నిండా ముంచేది, ఇప్పుడు కొన్ని రోజులకు వస్తుంది. సెప్టెంబరులో వస్తుంది, కాలువకు నీళ్లు వదిలారని పేపర్లో చూస్తే వస్తుంది, వాడి ఈడు పిల్లల పెళ్లి కార్డులు వస్తే వస్తుంది. మొదటి క్రిస్మస్ నీకు చాలా కష్టంగా ఉంటుంది. ముందే చెప్తున్నాను. ఇంటి మీద నక్షత్రం కట్టబుద్ధి కాకపోతే కట్టకు. బాబు కోసం కట్టాలనుకుంటే పక్కింటి పిల్లలతో కట్టించు. కొత్తబట్టలు వాడికి మాత్రం కొను.

ఈస్టర్‌కు మాత్రం ఒక పని చేయమంటాను. మన ఊళ్లలో ఆ తెల్లవారుజామున సమాధుల దగ్గరికి పోతారు, నీకు తెలుసు. ముందు రోజే సున్నం వేసి, గడ్డి పీకి శుభ్రం చేస్తారు. చీకట్లోనే కొవ్వొత్తులు, పూలు, అగరొత్తులు పట్టుకుని పోయి, ఎవరి మనుషుల దగ్గర వాళ్లు కూర్చుంటారు. మొదటి ఏడు నేను పోలేకపోయాను. రెండో ఏడు అవ్వ చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నేను ఒక్కదాన్నే ఏడుస్తాననుకున్నాను. తీరా చూస్తే ఆ చీకట్లో ప్రతి దీపం దగ్గరా ఎవరో ఒకరు ఏడుస్తున్నారు. వాళ్లలో మా పాస్టరు గారు కూడా ఉన్నారు, వాళ్ల నాన్న గారి సమాధి దగ్గర. తూర్పు తెల్లబడుతుండగా ఎవరో పాట ఎత్తుకున్నారు. ఏడుపు ఆగకుండానే పాట మొదలైంది. ఆ రోజు నా నోట రెండు చరణాలు వచ్చాయి, మిగతావి అవ్వ పాడింది.

అది దూరంగా ఉంది కాబట్టి ఈ వారం మాత్రం ఇంత చేయి. రేపు సాయంత్రం మీ సంఘంలో నీకు నచ్చిన ఒక్క అక్కను ఇంటికి పిలువు. ఎవరు ఎక్కువ మాట్లాడరో వాళ్లను పిలువు. రాత్రుళ్లు నీకొచ్చే ఆలోచన ఆమెకు చెప్పు. తర్వాత 13వ కీర్తన ఆమెతో చదివించుకుని, నువ్వు బాబు పక్కన పడుకుని విను. ఆమె పోయేటప్పుడు తలుపు ఆమెనే దగ్గరికి వేసి పొమ్మను, నువ్వు లేవకు. ఎల్లుండి వకీలు దగ్గరికి పో. అయ్యాక ఇక్కడ ఒక్క ముక్క రాయి, నేను చూస్తుంటాను.